ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారాలా వద్దా: మీతో రానివాటిని ముందు లెక్కపెట్టండి

మీరు అడిగింది ఇది. ఎనిమిదేళ్ళుగా ఆండ్రాయిడ్ వాడుతున్నారు. ఇప్పుడున్న ఫోన్‌కి నాలుగేళ్ళు నిండాయి. మెల్లగా నడుస్తోంది, సాయంత్రానికల్లా ఛార్జింగ్ అయిపోతోంది, ఏడాదిగా అప్‌డేట్లు రావట్లేదు. ఇంట్లో మిగతా అందరివీ ఐఫోన్లే కావడంతో ఫోటోలు పంచుకునేటప్పుడు మీరొక్కరే విడిగా ఉండిపోతున్నారు. ఐఫోన్‌కి మారితే మంచిదా, మారితే ఎనిమిదేళ్ళ వాట్సాప్ చాట్లు, ఫోటోలు ఏమైపోతాయో అని టెన్షన్.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇప్పుడే కొనకండి. మీ ఆవిడ పాత ఐఫోన్ బీరువాలో ఉందని రాశారు కదా, ముందు దాన్ని పది పన్నెండు రోజులు వాడి చూడండి. ఎందుకో, ఎలాగో కింద వివరంగా రాస్తున్నాను. నేను పన్నెండేళ్ళుగా ఫోన్ల రిపేరు, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి డేటా మార్చే పని చేస్తున్నాను. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారినవాళ్ళను చాలామందిని చూశాను. మారాక బాధపడినవాళ్ళలో కొత్త ఫోన్ బాగాలేదని బాధపడినవాళ్ళు చాలా తక్కువ. తమతో వస్తాయనుకున్నవేవో రాకుండా పోయాయని బాధపడినవాళ్ళే ఎక్కువ. అందుకే ఏది మంచి ఫోన్ అనే చర్చలోకి నేను వెళ్ళను. మీ విషయంలో ఏది వస్తుంది, ఏది రాదు, ఆ రానిదానికి మీరు సిద్ధమా అన్నదే చూద్దాం.

ముందు మీ ఫిర్యాదులను విడదీయాలి. మీరు చెప్పినవి నాలుగు. వేగం, బ్యాటరీ, అప్‌డేట్లు, ఇంట్లోవాళ్ళతో పంచుకోవడం. ఇందులో మొదటి మూడూ మీ చేతిలో ఉన్న ఆ ఒక్క ఫోన్‌వి, ఆండ్రాయిడ్‌వి కావు. నాలుగేళ్ళు రోజూ ఛార్జ్ చేసిన ఏ లిథియం బ్యాటరీ అయినా అరుగుతుంది. ఐఫోన్ 14 వరకూ వచ్చిన మోడళ్ళలో బ్యాటరీని 500 సార్లు పూర్తిగా ఛార్జ్ చేశాక కూడా అసలు సామర్థ్యంలో 80 శాతం నిలబడేలా తయారుచేశామని యాపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1000 సార్లకు పెరిగింది. బ్యాటరీ బాగా అరిగిన పాత ఐఫోన్లు హఠాత్తుగా ఆఫ్ అయిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించామని 2017 డిసెంబర్‌లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. అంటే మీ ఫోన్‌ని ఇబ్బంది పెడుతున్న వయసు ఐఫోన్‌కీ వస్తుంది. నాలుగేళ్ళ ఫోన్‌ని కొత్త ఐఫోన్ పక్కన పెట్టి పోల్చడం సరికాదు. కొత్త ఆండ్రాయిడ్ పక్కన పెట్టి చూడండి, అదీ అంతే వేగంగా కనిపిస్తుంది.

ఒకసారి సెట్టింగ్స్‌లో స్టోరేజ్ ఎంత ఖాళీ ఉందో కూడా చూడండి. నా దగ్గరికి స్లో అయిందని వచ్చే ఫోన్లలో చాలావాటికి స్టోరేజ్ అంచుల దాకా నిండి ఉంటుంది. పాత వీడియోలు లాప్‌టాప్‌లోకి తీసి, బ్యాటరీ మార్పిస్తే ఫోన్ మళ్ళీ తేరుకోవడం చాలాసార్లు చూశాను.

అప్‌డేట్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం నాకు ఇష్టం ఉండదు, మీకూ వద్దనే చెప్తాను. కాబట్టి ఫోన్ మార్చడం న్యాయమే. కానీ దానికోసం ఐఫోనే అక్కర్లేదు. ఈ విషయంలో ఐఫోన్‌కి చాలాకాలం పాటు స్పష్టమైన ఆధిక్యం ఉండేది. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఎస్‌కి 2024లో వచ్చిన ఐఓఎస్ 18 (ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు ఐఓఎస్) కూడా అందింది. అయితే గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇది వర్తించదు, ఒక్కో మోడల్‌కి ఒక్కో లెక్క. కొనేముందు ఆ మోడల్‌కి ఎన్నేళ్ళు ఇస్తారో చూసుకోవాలి, అంతే.

ఇక మిగిలింది నాలుగోది, ఇంట్లోవాళ్ళతో పంచుకోవడం. ఇది నిజంగా ప్లాట్‌ఫామ్‌కి సంబంధించిన కారణం, దాన్ని నేను చిన్నచూపు చూడను. ఐఫోన్ల మధ్య నేరుగా ఫోటోలు పంపే ఎయిర్‌డ్రాప్‌లో క్షణాల్లో ఫోటోలు వెళ్ళిపోతుంటే మీకు మాత్రం వాట్సాప్‌లో నాణ్యత తగ్గిన ఫోటోలు రావడం బాధగానే ఉంటుంది. కానీ గూగుల్ ఫోటోస్‌లో ఇంట్లో అందరికీ కలిపి ఒక షేర్డ్ ఆల్బమ్ పెట్టి చూశారా? అది ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. నెలరోజులు అలా నడిపి, అయినా మీకు వెలితిగానే ఉంటే, అప్పుడు మారడానికి మీ దగ్గర గట్టి కారణం ఉన్నట్టే.

ఇప్పుడు అసలు విషయం, మీతో ఏవి రావు అన్నది.

వాట్సాప్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మీ భయం ఎక్కువగా దాని గురించే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది. ఐఫోన్‌లో యాపిల్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది. ఒకదాని బ్యాకప్‌ని ఇంకొకటి తెరవలేదు. రోజూ బ్యాకప్ అవుతోంది కదా, ఐఫోన్‌లో రీస్టోర్ చేసుకోవచ్చులే అనుకుంటే అక్కడే దెబ్బతింటారు. చాట్లు రావాలంటే దారి వేరు. 2022 నుంచి యాపిల్ వాళ్ళ ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ ద్వారా పాత ఫోన్ నుంచి కొత్త ఐఫోన్‌కి నేరుగా పంపవచ్చు. దానికి షరతులున్నాయి. ఐఫోన్ కొత్తదై ఉండాలి, లేదా పూర్తిగా రీసెట్ చేసి ఉండాలి. రెండింట్లోనూ అదే ఫోన్ నంబరు వాడాలి. ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే ఈ పని జరగాలి. కాల్ హిస్టరీ రాదు, చాట్లూ ఫోటోలూ వాయిస్ మెసేజ్‌లూ వస్తాయి.

ఈ క్రమం ఎందుకంత ముఖ్యమో ఒక సంగతి చెప్తాను. నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. కొత్త ఫోన్ వచ్చిన ఉత్సాహంలో ఇంట్లో కుర్రాడు ముందు దాన్ని సెటప్ చేసి, వాట్సాప్‌లో నంబరు వేసి, ఖాళీ చాట్లతో వాడకం మొదలుపెట్టాడు. పాత ఫోన్‌ని రీసెట్ చేసి ఎవరికో ఇచ్చేశారు. ఆవిడ నాన్నగారు చనిపోయారు, ఆయన వాయిస్ మెసేజ్‌లు ఆ పాత ఫోన్‌లోనే ఉన్నాయి. బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉంది. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ రోజు నుంచీ నా దగ్గరికి ఫోన్ మార్చుకోవడానికి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒక్కటే: ఈ ఫోన్‌లో పోతే తిరిగి సంపాదించుకోలేనిది ఏముంది? దాన్ని ముందు లాప్‌టాప్‌లోకి తీసి ఇస్తాను, ఆ తర్వాతే మిగతా పని. మీరూ అలాగే చేయండి. వాట్సాప్‌లో ముఖ్యమైన చాట్‌ని తెరిచి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ మాటలు ఒక ఫైలుగా వస్తాయి. ముఖ్యమైన వాయిస్ మెసేజ్‌లను విడిగా మీ మెయిల్‌కి పంపుకోండి.

ఫోటోల విషయంలో మీరు అదృష్టవంతులు. మీవన్నీ గూగుల్ ఫోటోస్‌లో ఉన్నాయన్నారు. ఐఫోన్‌లో ఆ యాప్ వేసుకుని అదే ఖాతాతో లాగిన్ అయితే అన్నీ అక్కడే కనిపిస్తాయి, ఏదీ మార్చనక్కర్లేదు. కావాలంటే గూగుల్‌లోని మన డేటాను బయటికి తీసుకునే గూగుల్ టేక్‌అవుట్ ద్వారా మొత్తం ఫోటోలను ఐక్లౌడ్‌కి కాపీ చేయించే వీలు కూడా 2024 నుంచి ఉంది, కానీ దానికి తొందరపడకండి. గూగుల్ ఉచితంగా 15 జీబీ ఇస్తుంది, ఐక్లౌడ్ 5 జీబీ మాత్రమే. ఐఫోన్ పూర్తి బ్యాకప్ కూడా ఆ 5 జీబీలోనే పడుతుంది కాబట్టి అది తొందరగా నిండుతుంది. అప్పుడు నెలనెలా డబ్బు కట్టాలి, లేదా బ్యాకప్‌ని లాప్‌టాప్‌లోకి తీసుకోవాలి. మీది విండోస్ లాప్‌టాప్ అయినా అది కుదురుతుంది. ఇంకో తేడా. ఐఫోన్‌లో యాప్‌లు తెరవెనుక పనిచేయడం మీద కట్టడి ఎక్కువ, అందుకని గూగుల్ ఫోటోస్‌ని అప్పుడప్పుడు తెరిచి ఫోటోలు పైకి వెళ్ళాయో లేదో చూసుకోవాలి.

కాంటాక్ట్‌ల గురించి ఒక్క మాట. అవి గూగుల్ ఖాతాలో సేవ్ అయి ఉంటే ఐఫోన్‌లో ఆ ఖాతా కలిపి కాంటాక్ట్స్ ఆన్ చేస్తే చాలు. కొన్ని ఫోన్‌లోనో సిమ్‌లోనో మాత్రమే సేవ్ అయి ఉంటాయి, వాటిని ముందు గూగుల్ ఖాతాలోకి మార్చండి.

అందరూ మర్చిపోయేది లాగిన్ కోడ్‌ల సంగతి. మెసేజ్‌లో వచ్చే ఓటీపీలు సిమ్‌తో పాటు వచ్చేస్తాయి, దిగులు లేదు. కానీ అథెంటికేటర్ యాప్‌లో అర నిమిషానికోసారి మారే ఆరంకెల కోడ్‌లు ఉంటాయే, అవి సిమ్‌తో రావు. కొన్నేళ్ళ కిందట నేను ఫోన్ మార్చినప్పుడు పాతదాన్ని ఆ రాత్రే రీసెట్ చేసేశాను. మర్నాడు ఒక ఖాతాలోకి వెళ్దామంటే కోడ్ అడిగింది, కోడ్ ఇచ్చే యాప్ ఖాళీగా ఉంది. ఇలాంటప్పుడు లోపలికి వెళ్ళడానికి ముందుగా ఇచ్చే రికవరీ కోడ్‌లు రాసిపెట్టుకోలేదు. ఆ ఖాతా తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నా పని లెక్కలన్నీ అందులోనే చిక్కుకుపోయాయి. గూగుల్ అథెంటికేటర్‌లో ఖాతాలను క్యూఆర్ కోడ్ ద్వారా ఇంకో ఫోన్‌కి పంపవచ్చు, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి కూడా. 2023 నుంచి గూగుల్ ఖాతాతో సింక్ చేసుకునే వీలూ వచ్చింది. ఏదైనా సరే, కొత్త ఫోన్‌లో ఒక కోడ్‌తో నిజంగా లాగిన్ అయ్యి చూశాకే పాతదాని జోలికి వెళ్ళండి. బ్యాంకు యాప్‌లు చాలావరకు ఫోన్ మారగానే మళ్ళీ మొదటినుంచి నమోదు అడుగుతాయి, దానికి ఒక పూట కేటాయించుకోండి. పాస్‌వర్డ్‌లు గూగుల్‌లో సేవ్ అయి ఉంటే, ఐఫోన్‌లో క్రోమ్ వేసుకుని పాస్‌వర్డ్‌లు నింపే పని దానికే అప్పగించవచ్చు.

డబ్బు పెట్టి కొన్న యాప్‌లు రావు. ప్లే స్టోర్‌లో కొన్నది యాప్ స్టోర్‌లో చెల్లదు, మళ్ళీ కొనాల్సిందే. నెలవారీ చందాలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ప్లే స్టోర్ ద్వారా మొదలుపెట్టిన చందాకి, మీరు ఫోన్ మార్చినా, యాప్ తీసేసినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ప్లే స్టోర్‌లోకి వెళ్ళి మీరే రద్దు చేయాలి.

ఇప్పుడు మీ స్మార్ట్ వాచీ. మీరు రాసిన వివరాల్లో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది అదే, ఎందుకంటే దాని గురించి మీరు ఏమీ అడగలేదు. మీది గెలాక్సీ వాచ్ 5 అన్నారు. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి ఆ వాచీలు ఐఫోన్‌తో కలవవు. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వెళ్ళేవాళ్ళకీ ఇదే కష్టం, యాపిల్ వాచ్ ఐఫోన్ లేకుండా పనిచేయదు. అంటే మీరు ఫోన్ ఒక్కటే మారుస్తున్నాననుకుంటున్నారు గానీ మారుతున్నవి రెండు. మీ నడక, నిద్ర, గుండె వేగం లెక్కలు రెండేళ్ళవి అందులో ఉన్నాయన్నారు, డాక్టరుకి చూపిస్తున్నారు కూడా. వాటిని శామ్‌సంగ్ హెల్త్‌లోంచి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు, కానీ కొత్త వాచీలో అవి కొనసాగుతాయని ఆశపెట్టుకోకండి. నా దృష్టిలో మీ నిర్ణయాన్ని అటో ఇటో తిప్పాల్సింది కెమెరా కాదు, వేగం కాదు, ఈ వాచీ. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లతో పేచీ లేదు, బ్లూటూత్‌వి ఏవైనా రెండింటికీ పనికొస్తాయి, కొన్ని అదనపు సౌకర్యాలు తగ్గుతాయంతే. ఛార్జర్ కూడా ఇబ్బంది కాదు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి యూఎస్‌బీ-సీ కేబులే.

ఇక ఆ పాత ఐఫోన్‌తో ఎలా చూడాలో చెప్తాను. ముందు మీ ఆవిడ ఖాతాని అందులోంచి ఆమె చేతే సైన్ అవుట్ చేయించి, రీసెట్ చేసి, మీ పేరుతో కొత్త యాపిల్ ఖాతా తెరవండి. వాట్సాప్‌ని మీ నంబరుతో అక్కడ కొత్తగా మొదలుపెట్టకండి. 2023 నుంచి రెండో ఫోన్‌ని కూడా లింక్డ్ డివైస్‌గా కలుపుకోవచ్చు, లాప్‌టాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వాట్సాప్ వాడతామే, అలాగే. అసలు ఖాతా మీ ఆండ్రాయిడ్‌లోనే భద్రంగా ఉంటుంది. అయితే అసలు ఫోన్‌లో వాట్సాప్‌ని 14 రోజులకు మించి తెరవకపోతే లింకు తెగిపోతుంది, మధ్యలో తెరుస్తూ ఉండండి.

సిమ్ కూడా అందులో వేసి చూద్దామనుకుంటే ఒక జాగ్రత్త. ఐఫోన్ మీ నంబరుని ఐమెసేజ్‌లో (ఐఫోన్ల మధ్య ఇంటర్నెట్ ద్వారా మెసేజ్‌లు పంపే యాపిల్ సేవ) నమోదు చేసుకోవచ్చు. తర్వాత సిమ్ తీసి ఆండ్రాయిడ్‌లో వేసుకున్నా, ఐఫోన్ వాడే మీ ఇంట్లోవాళ్ళు పంపే మెసేజ్‌లు ఐమెసేజ్ వైపే వెళ్ళి మీకు అందకపోవచ్చు. అందుకని సిమ్ తీసేముందు సెట్టింగ్స్‌లో ఐమెసేజ్ ఆఫ్ చేయండి. మర్చిపోతే నంబరుని తొలగించుకోవడానికి యాపిల్ 2014లోనే ఒక వెబ్ పేజీ పెట్టింది, అక్కడ చేసుకోవచ్చు. ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కి వచ్చేవాళ్ళు అందరూ చేయాల్సిన మొదటి పని ఇదే.

ఆ పది పన్నెండు రోజుల్లో ఫోన్ వేగం చూడకండి, అది పాత ఫోను. మీ చేతి అలవాట్లు ఎక్కడ అడ్డం పడుతున్నాయో చూడండి. మొదటి రోజే తెలుగు టైప్ చేసి చూడండి. మీరు రోజూ తెలుగులోనే రాస్తారు కాబట్టి మీకు ఇది చిన్న విషయం కాదు. ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది, కానీ మీ వేళ్ళు అలవాటుపడిన అమరికే ఉండాలని లేదు. (2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపంలో ఉన్న ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు ఆగిపోయిన సంగతి కొందరికి గుర్తుండవచ్చు. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు, ఇప్పుడు ఆ భయం లేదు.) రెండో రోజు వెనక్కి వెళ్ళడం గమనించండి. ఆండ్రాయిడ్‌లో ఎక్కడున్నా ఒకే తీరులో వెనక్కి వస్తాం, ఐఫోన్‌లో అది యాప్‌ని బట్టి మారుతుంది. కొందరు రెండు రోజుల్లో అలవాటు పడతారు, కొందరికి నెల గడిచినా చిరాకు పోదు. ఫైళ్ళతో కూడా కాస్త పని చేసి చూడండి. ఆండ్రాయిడ్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపితే ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి. ఐఫోన్‌ని విండోస్‌కి కలిపితే అలా నేరుగా కనిపించేవి ఫోటోలు, వీడియోలే. మీ ఉద్యోగంలో పీడీఎఫ్‌లు అటూ ఇటూ తిప్పుతూ ఉంటారు కాబట్టి ఇది మీకు రోజూ తగులుతుంది.

నచ్చే సంగతులు కూడా ఎదురవుతాయి, వాటికీ మనసు తెరిచి ఉంచండి. యాప్‌లు మీ కదలికలను వేరే యాప్‌లలో వెంబడించాలంటే ముందు మిమ్మల్ని అడగాల్సిందే, 2021లో ఐఓఎస్ 14.5 నుంచి ఆ పద్ధతి ఉంది. ఇంట్లో ఏ సందేహం వచ్చినా పక్కనే చెప్పేవాళ్ళు ఉంటారు. ఇది చాలా పెద్ద సౌకర్యం, నేను చూసినంతలో పెద్దవయసువాళ్ళు మారి సుఖపడింది ముఖ్యంగా దీనివల్లే.

ఆ రోజులు గడిచాక, తెలుగు టైపింగ్, ఫైళ్ళు ఇబ్బంది పెట్టకపోతే, వాచీని వదులుకోవడానికి మనసు ఒప్పుకుంటే, నిశ్చింతగా మారండి. ఆ మూడింట్లో ఏ ఒక్కటి గట్టిగా అడ్డం పడినా, ఏడేళ్ళ అప్‌డేట్లు ఇచ్చే కొత్త ఆండ్రాయిడ్ తీసుకోండి, వాచీ మీతోనే ఉంటుంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీరు రెండోదాని వైపే మొగ్గుతారని నా అంచనా. కానీ వాడి చూశాక మీ చేతికి తెలిసిందే ప్రమాణం.

మారడమే ఖాయమైతే, సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టండి. రెండు ఫోన్లనూ ఛార్జింగ్‌లో పెట్టండి. ‘మూవ్ టు ఐఓఎస్’ నడుస్తున్నంతసేపూ ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ తెర మీదే ఉండాలి, వేరే యాప్ తెరిచినా, కాల్ వచ్చినా పని మధ్యలో ఆగిపోవచ్చు. ఎనిమిదేళ్ళ చాట్లంటే గంటలు పట్టవచ్చు, ఆగిపోయిందనుకుని కదపకండి. అంతా వచ్చాక వాట్సాప్‌లో అన్నిటికన్నా పాత చాట్ తెరిచి, పాత ఫోటో ఒకటి, పాత వాయిస్ మెసేజ్ ఒకటి నొక్కి చూడండి. పేర్లు కనిపించినంత మాత్రాన లోపలివి వచ్చినట్టు కాదు.

పాత ఫోన్‌ని కనీసం రెండు నెలలు ఇంట్లోనే ఉంచండి, అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. ఏ ఖాతా ఏ మూలనుంచి పాత ఫోన్‌ని అడుగుతుందో ముందే తెలియదు. రెండు నెలల తర్వాత ఇచ్చేటప్పుడు, రీసెట్ చేయడానికి ముందే సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేయండి. తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, తీసుకున్నవాళ్ళు ఆన్ చేయగానే అది మీ పాత ఖాతా వివరాలే అడుగుతుంది, వాళ్ళు మళ్ళీ మీ దగ్గరికే రావాలి.